నాలుగడుగుల గట్టు

మునక్కాడల పులుసులో బెల్లం వేయాలా వద్దా అన్న దగ్గర మొదలైంది గొడవ.

"చిటికెడు వేస్తే ఏం పోతుందొదినా?" అన్నాడు కొమరన్న పొయ్యి పక్కన గొంతుకూర్చుని.

"నీ చిటికెడు నాకు తెలీదా? చిటికెడంటావు, పిడికెడు వేస్తావు. అది పులుసవదు, పానకమవుతుంది" అంది పైడి గరిటె తిప్పడం ఆపకుండా.

"మా అమ్మ వేస్తుంది."

"అయితే మీ అమ్మనే వండమను."

రోటి దగ్గర పచ్చడి నూరుతున్న నాంచారమ్మ తల ఎత్తలేదు. "మధ్యలో నన్ను లాగకండర్రా. నేనూ వెయ్యడం మానేశాను. దాని చేతి పులుసే బాగుంటుంది" అంది.

కన్నతల్లే అటు తిరిగిపోయేసరికి కొమరన్నకు రోషం వచ్చింది. "నాకీ పూట కూడే వద్దు పొండి" అని గడ అందుకోబోయి, అదీ వద్దనుకుని, ఒట్టి తెడ్డుతోనే పడవ విప్పుకుని అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాడు. అతని అన్న లింగయ్య అప్పటికే చిన్న పడవేసుకుని వెదుళ్లు కొట్టడానికి ఎగువకు వెళ్లాడు. ఇంట్లో అత్తా కోడలూ, ఉయ్యాలలో ఎనిమిది నెలల పసిపిల్లా మిగిలారు.

గోమేధిక రాజ్యానికి నడుమ వడ్డాణంలా మెరుస్తూ పారే చిత్రవాహినీ నదికి పన్నెండు రేవులున్నాయి. వాటిలో గవ్వలరేవు అన్నిటికన్నా ఇరుకైనది. వెనక ఏనుగు వీపులాంటి నల్లకొండ, ముందు పచ్చలు కరిగించి పోసినట్టుండే లోతు నీళ్లు. రెండింటి మధ్య రాతిగట్టు. ఆ గట్టు మీదే కొమరన్న వాళ్ల ఇల్లు. వంటింటి గుమ్మం నుంచి నీళ్ల అంచుకు సరిగ్గా నాలుగడుగులు. అంచున నాటిన రెండు గుంజలకు ఉయ్యాల కట్టి ఉంటుంది, నది గాలి తగులుతుందని.

ఆ రాజ్యంలో ప్రతి ఇంటి ముందూ తెల్ల ఇసుక పరిచి ఉండాలి. అది రాజశాసనం. తెల్లవారగానే ఆడవాళ్లు పొయ్యి వెలిగించే ముందు ఆ ఇసుక చదును చేస్తారు. కోళ్లు గీరితే మళ్లీ చదును చేస్తారు. పిల్లలు తొక్కితే వాళ్ల వీపున రెండంటించి మళ్లీ చదును చేస్తారు. ఎందుకంటే, ఎవడైనా ప్రాణం తీయడానికి మీదికి వస్తే, ఎదురుదెబ్బ తీసే ముందు ఏడడుగులు వెనక్కి వేయాలి. వేసినట్టు ఇసుక సాక్ష్యం చెప్పాలి. ఏడో అడుగు పడ్డాక కొడితే ఆత్మరక్షణ. ఆరో అడుగు దగ్గర కొడితే హత్య.

ఈ లెక్క అందరికీ కాదు. రాజుగారి దగ్గర కత్తిముద్ర పొందిన దొరలున్నారు. బొటనవేలంత ఇత్తడి బిళ్ల, నడుముకు వేలాడుతుంటుంది. ఆ బిళ్ల ఉన్నవాడు ఎవణ్ణి నరికినా సభకు వచ్చి "నాకు ప్రాణభయం కలిగింది" అంటే చాలు. ఇసుక చూడరు. అడుగులు కొలవరు. చచ్చినవాడి చేతిలో ఏముందని కూడా అడగరు.

కొమరన్న అవతలి ఒడ్డు చేరిన కాసేపటికే కొండదారిన గుర్రం దిగి ఒక కత్తిముద్ర దొర వచ్చాడు. పేరు ఉద్దండుడు. రాజమాంత్రికుడు భస్మకేశుడికి మేనల్లుడు.

"పడవ!" అన్నాడు.

"అవతల ఉంది దొరా. కేకేస్తాను, వస్తాడు. కాసేపు అరుగు మీద కూర్చో" అంది పైడి.

"నన్ను కాచుకోమంటున్నావా?"

"పడవకు రెక్కల్లేవు కదా దొరా."

ఆ మాటకు నాంచారమ్మ ఫక్కున నవ్వింది. అంతే. ఉద్దండుడు కత్తి దూశాడు. మొదటి వేటు రోటి మీద పడి నిప్పురవ్వలు లేచాయి. నాంచారమ్మ పక్కకు దొర్లబట్టి మెడ దక్కింది. వాడు పైడి వైపు తిరిగాడు. పైడి వెనక్కి అడుగేసింది. ఒకటి. కత్తి గాలిని కోసింది. రెండు. వంటింటి తడిక రెండు ముక్కలైంది. మూడు. ఆమె చేతికి ఉయ్యాల గుంజకానించిన పడవగడ తగిలింది. నాలుగు. వీపుకు ఉయ్యాల తగిలింది. ఉయ్యాలలో పిల్ల కెవ్వుమంది.

అయిదో అడుగు పిల్ల మీద వేయాలి. ఆరో అడుగు నదిలో వేయాలి.

పైడి ఏడు లెక్కపెట్టలేదు. గడను రెండు చేతులా పట్టి వాడి రొమ్ము మీద పొడిచింది. ఉద్దండుడు వెల్లకిలా పడి, పడవలు కట్టే రాతికి తల కొట్టుకుని, మళ్లీ లేవలేదు.

గడియ తిరక్కుండా భటులు వచ్చారు. ఇసుక చూశారు. నాలుగడుగులు, అచ్చు గుద్దినట్టు. పైడి చేతులకు సంకెళ్లు వేశారు. "మూడో నాడు రాజధాని శంఖపురిలో విచారణ. అడుగులు కొలిచే పెద్ద పంతులు వచ్చి తేలుస్తాడు" అన్నాడు వాళ్ల నాయకుడు.

"కొలవడానికేముంది? ఇంకో మూడడుగులు ఎక్కడ వెయ్యమంటావో నువ్వే చూపించు!" అని నాంచారమ్మ అతని చెయ్యి పట్టుకుని అంచు దాకా లాక్కుపోయింది. అతను కిందికి చూశాడు. పచ్చటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి. చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయాడు.

*

అన్నదమ్ములు తిరిగొచ్చేసరికే భటులు పైడిని తీసుకుపోయారు. లింగయ్య తల్లినీ పిల్లనూ పడవలో ఎక్కించుకుని సాక్ష్యానికని రాజధానికి బయల్దేరాడు. కొమరన్న వాళ్లతో వెళ్లలేదు. కొలవబోయే పంతుల్నే పట్టుకుని, ముందు గట్టుకు తీసుకొచ్చి చూపించాలని అతని పంతం. పెద్ద పంతులు సోమిదేవయ్య ఊపిరిలోయ మీదుగా శంఖపురికి వస్తున్నాడని విని, అటు పరుగుతీశాడు.

ఊపిరిలోయ పేరుకు తగినదే. రెండు స్ఫటికశిఖరాల నడుమ ఆ లోయ పగలంతా గాలి పీలుస్తుంది, వదులుతుంది. పీల్చినప్పుడు చెట్లన్నీ లోపలికి వంగుతాయి, పూలు మొగ్గల్లా ముడుచుకుంటాయి. వదిలినప్పుడు లక్ష రంగుల రేకులు ఆకాశమంతా చిమ్ముతాయి. కొమరన్న ఆ రేకుల వాన మధ్య నడుస్తుండగా ఒక గొంతు వినిపించింది.

"ఒకటి... రెండు... అయ్యో, మూడు..."

తాటిమానంత కొండచిలువ ఒక ముసలాయన్ని కాళ్ల నుంచి చంకల దాకా చుట్టేసింది. తెల్లటి తలపాగా, మెళ్లో ఏడు ముళ్ల కొలతాడు. ఆయన చేతిలో చురకత్తి ఉంది. పొడవడం మానేసి, పాము లాగినప్పుడల్లా తను ఎన్నడుగులు వెనక్కి జరిగాడో లెక్కపెట్టుకుంటున్నాడు!

"పొడువు తాతా!" అని అరిచాడు కొమరన్న.

"ఇంకా నాలుగున్నాయి నాయనా!"

కొమరన్న ఒక్క గెంతున పాము తల మీదికి దూకాడు. పాము తోకతో అతన్ని బండకేసి కొట్టింది. లేచాడు. మళ్లీ కొట్టింది. మూడోసారి లేస్తూ బండరాయిని ఎత్తి పాము నెత్తి పగలగొట్టాడు. చుట్టలు సడలాయి. సోమిదేవయ్య కింద పడ్డాడు. కుడికాలు విరిగి వేలాడుతోంది.

"నువ్వు మూడడుగులే వెనక్కి పడ్డావు" అన్నాడు ముసలాయన రొప్పుతూ.

"తాతా! నీ కాలు కాదు, నోరు విరగ్గొట్టాల్సింది ఆ పాము!"

కొమరన్న కోపంగా జరిగిందంతా చెప్పాడు. గట్టు చెప్పాడు, ఉయ్యాల చెప్పాడు, నీళ్లు చెప్పాడు. ముసలాయన మెళ్లో తాడు ముళ్లను ఒక్కొక్కటే తడుముకున్నాడు.

"నలభై ఏళ్లు కొలిచాను. ఇసుకలో ఉన్నదే కొలిచాను. ఆ మనిషి వెనక ఏముందో ఒక్కనాడూ తల తిప్పి చూడలేదు" అన్నాడు చివరికి. తలపాగా, కొలతాడు తీసి కొమరన్నకిచ్చాడు. "నేను నడవలేను. నా శిష్యుణ్ణని చెప్పుకో. పంతులుకు ఒక హక్కుంది. జరిగింది జరిగినట్టు సభలో నిలబెట్టి చూపమని అడగొచ్చు. నింద మోపినవాడే ముద్దాయి స్థానంలో నిలబడాలి. దాని పేరు ఎదురునిలువు. నేను ఎప్పుడూ అడగలేదు. నువ్వడుగు."

కొమరన్న ఆయన కాలికి వెదురుబద్దలు కట్టి, దగ్గరి గొర్రెల కాపరుల గుడిసెలో పడుకోబెట్టి, కదిలాడు.

*

శంఖపురి నది నడుమ లంకలో ఉంది. దూరం నుంచి చూస్తే నీళ్ల మీద తేలే తెల్లశంఖమే. కొలువుకూటానికి నూట ఎనిమిది గోమేధిక స్తంభాలు. వాటి మధ్య వెలుగు తేనెరంగులో జారుతుంటుంది. పైకప్పు నుంచి గాజు నెమళ్లు వేలాడుతూ, గాలి వీచినప్పుడు పురి విప్పి గలగలమంటాయి. సింహాసనం పక్కన భస్మకేశుడి హోమగుండం. మాంత్రికుడి జుట్టు మోకాళ్ల దాకా బూడిద. తల విదిల్చినప్పుడల్లా రాలుతుంది, మళ్లీ మొలుస్తుంది.

మహారాజు ప్రచండసేనుడు విచారణ మొదలుపెట్టాడు. నాంచారమ్మ ముందుకొచ్చింది.

"నా కోడలు తప్పు చెయ్యలేదు మారాజా. నా కళ్లతో చూశాను."

సభ ఘొల్లున నవ్వింది. "అత్త కోడలి పక్షాన సాక్ష్యం చెప్పడం ఈ రాజ్యంలో ఇదే మొదలు. ఇది నమ్మదగ్గ మాటేనా?" అన్నాడు భస్మకేశుడు. నవ్వులు ఇంకా పెరిగాయి.

"నవ్వండి! ఆ దొరకు కోపం తెప్పించింది కూడా ఒక నవ్వే. నా నవ్వు! దానికి నా మెడ తియ్యబోయాడు. మీరింతమంది నవ్వుతున్నారు, మీ మెడలేం కావాలి?" అంది నాంచారమ్మ.

భటులు ఆమెను రెక్కపట్టి బయటికి గెంటేశారు. ఆమె నీళ్లద్వారం కింద పడవతో కాచుకున్న లింగయ్య దగ్గరికి పోయింది.

అప్పుడు తెల్లతలపాగా, పెట్టుడు గడ్డంతో కొమరన్న వచ్చాడు. "మహారాజా, పెద్ద పంతులు కాలు విరిగింది. నేను ఆయన శిష్యుణ్ణి. కొలిచే ముందు ఒక్క ప్రశ్న. ఏడే ఎందుకు?"

ప్రచండసేనుడు దుర్మార్గుడు కాదు. నిదానంగానే చెప్పాడు. "మా తాతగారి నాడు ఈ శాసనం లేదు. ఎవడికి భయమేస్తే వాడు కొట్టేవాడు. పొలంగట్టు దగ్గర భయం, పెళ్లిపందిట్లో భయం. ముందు చంపడం, తర్వాత భయమేసిందనడం. ఒక్క ఏడాదిలో మూడూళ్లలో మగపురుగు మిగల్లేదు. ఏడడుగులు వేసేలోగా కొట్టడానికొచ్చినవాడికి బుద్ధి రావచ్చు, కొట్టబోయేవాడికీ రావచ్చు. అందుకే ఏడు."

"మంచి మాట మహారాజా. ఆ మాట కత్తిముద్రకు ఎందుకు లేదు?"

"పంతులు కొలవాలి, అడగకూడదు" అన్నాడు భస్మకేశుడు.

"కొలుస్తాను. ఎదురునిలువు కోరుతున్నాను."

రాజు తల ఊపక తప్పలేదు. సింహాసనం ముందు తెల్ల ఇసుక పోశారు. కొమరన్న తాడుతో నాలుగడుగులు కొలిచి గీత గీశాడు. గీత వెనక హోమగుండం భగభగ మండుతోంది. మేనల్లుణ్ణి చంపిందని నింద మోపిన భస్మకేశుడు వచ్చి, పైడి నిలబడ్డ చోట నిలబడ్డాడు. కొమరన్న చేతికి కొయ్యకత్తి ఇచ్చారు.

"మీ వెనక నాలుగడుగులున్నాయి స్వామీ. ఆ తర్వాత నిప్పు. ఏడు వేసి చూపించండి" అని కొమరన్న కొయ్యకత్తి ఎత్తి ముందుకు దూకాడు.

భస్మకేశుడు ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. తల విదిల్చాడు. బూడిద కెరటంలా లేచి కొమరన్న కుడిచేతిని ముంచెత్తింది. భుజం నుంచి వేళ్ల దాకా చెయ్యి నల్లరాయి అయిపోయింది. తలపాగా ఊడింది. గడ్డం జారింది.

"కొమరన్నా!" అని కేకపెట్టింది సంకెళ్లలో ఉన్న పైడి.

సభ యావత్తూ ఇసుక వైపు చూసింది. మాంత్రికుడి పాదాల వెనక ఇసుక చదునుగా, తెల్లవారి చదును చేసినట్టే ఉంది. భస్మకేశుడు నడుముకున్న ఇత్తడి బిళ్లను రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు.

"నాకు ప్రాణభయం కలిగింది" అన్నాడు.

రాజు బిళ్లను చూశాడు. ఇసుకను చూశాడు. రాతిచేతిని చూశాడు. మళ్లీ బిళ్లనే చూశాడు. "ముద్ర ఉంది. చెల్లుతుంది" అన్నాడు నేల చూపులతో.

పైడి నవ్వింది. ఆ నవ్వుకు పైన గాజు నెమళ్లు కూడా కదలడం మానేశాయి.

"బాగుంది మారాజా! కొయ్యకత్తిని చూసి ఆయనకు ప్రాణభయం. నిజం కత్తి మీదికొస్తుంటే నేను ఏడు దాకా ఒంట్లు చదువుకోవాలి! మా ఇళ్ల ముందు మేం రోజూ చదును చేసే ఇసుక మాకు కాపలా అనుకున్నాను. మా మీద సాక్ష్యానికా మేం పొద్దున్నే లేచేది? మీ తాతగారి శాసనంలో ఏడడుగులున్నాయి. మా గట్టు మీద నాలుగే ఉన్నాయి. ఆ మిగతా మూడూ మీ కొలువుకూటంలో ఉన్నాయి, కొలుచుకోండి! ఇంత చోటుండీ ఒక్క అడుగు వెనక్కి వెయ్యని వాడికి నిప్పు కనబడలేదా, నాకు నా పిల్ల కనబడ్డట్టు?"

"గద్దలకొండ మీది నుంచి తొయ్యండి! ఇద్దర్నీ!" అని అరిచాడు భస్మకేశుడు. రాజు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడమే ఆజ్ఞ అయింది.

భటులు మీదపడ్డారు. కొమరన్న రాతిచేతిని గదలా తిప్పాడు. మొదటి దెబ్బకు పైడి సంకెళ్లు తెగాయి. రెండో దెబ్బకు గోమేధిక స్తంభం నిలువునా పగిలింది. గాజు నెమళ్లు వందలుగా రాలి భళ్లుభళ్లున బద్దలయ్యాయి. భటులు తలలు దాచుకున్నారు. వదినా మరిదీ ఏనుగులశాలలోంచి పరుగెత్తారు. ఒక మదపుటేనుగు అడ్డమొస్తే దాని దంతాల కిందినుంచి జారారు. ప్రాకారమెక్కారు. కింద నీళ్లద్వారం, లింగయ్య పడవ.

"దూకు!" అంది పైడి. దూకారు.

కొమరన్న తేలలేదు. రాతిచెయ్యి అతన్ని గుండులా అడుక్కి లాక్కుపోయింది. పైడి గుండెల నిండా గాలి పీల్చి మునిగింది. అడుగున నాచులో చిక్కుకున్న మరిది జుట్టు దొరకబుచ్చుకుని, కాళ్లతో నేలను తన్ని, పైకి లాక్కొచ్చింది. లింగయ్య అందుకుని పడవలో పడేశాడు. ప్రాకారం మీది నుంచి బూడిద రాలింది. తగిలిన చోటల్లా అలలు రాళ్లయి నిలబడ్డాయి. లింగయ్య ఆ రాళ్ల మధ్య పడవను పాములా మెలికలు తిప్పుతూ, ఎండ నడినెత్తికొచ్చే వేళకు రెల్లుదిబ్బ చాటుకు చేర్చాడు.

*

నాంచారమ్మ దిబ్బ మీద మూడు రాళ్లు పెట్టి జొన్న సంకటి కెలికింది. లింగయ్య రెండు చేపలు కాల్చాడు. అందరూ ఒకే విస్తరాకు చుట్టూ కూర్చున్నారు. కొమరన్న ఎడంచేత్తో ముద్ద చేసుకోబోయాడు, అది వేళ్లలోంచి జారిపోయింది. పైడి చేప ముల్లు తీసి, ముద్ద కలిపి అతని నోట్లో పెట్టింది.

"వేడిగా ఉంది" అన్నాడు.

"ఊదుకుని తిను. నోరేం రాయి కాలేదుగా" అంది పైడి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

అంతలో రెల్లు మీదుగా ఒక బూడిదకాకి వచ్చి గుండ్రంగా తిరిగింది. దాని నోట రాజుగారి గొంతు పలికింది. "హంతకురాలు పైడి మూడో నాటి సూర్యోదయంలోగా లొంగిపోవాలి. లేదా ఆరువేల సైన్యం గవ్వలరేవు మీదికి వస్తుంది. ఇంటికొక తల తీస్తుంది." లింగయ్య విసిరిన కట్టె తగిలి కాకి పొడిపొడిగా రాలిపోయింది.

ఎవరూ ముద్ద ఎత్తలేదు.

"అడవిదారిన పోదాం. రెండ్రోజుల్లో పొలిమేర దాటొచ్చు" అన్నాడు లింగయ్య.

"ఊళ్లోవాళ్లో?" అంది నాంచారమ్మ.

"నాకు ఎడంచెయ్యి ఉంది. ఆ మాంత్రికుడి గొంతుకు అది చాలు. ఈ పూటే వెనక్కి పోతాను" అన్నాడు కొమరన్న.

పైడి పిల్లను ఒళ్లో సర్దుకుంది. "ఎవరూ పారిపోవద్దు. ఎవరి గొంతూ పట్టుకోవద్దు. నేను పన్నెండు రేవులూ తిరుగుతున్నాను" అంది.

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"ప్రతి రేవులో నాకో బాబాయో పెద్దమ్మో ఉన్నారు. ఇవాళ నా గట్టు. రేపు వాళ్ల గట్టు. అందరి ఇళ్లూ నీళ్ల అంచునే ఉన్నాయి, ఏ ఇంటి ముందూ ఏడడుగులు లేవు. ఇక నుంచి కత్తిముద్ర కట్టుకున్నవాణ్ణి పడవ ఎక్కించుకోం. ఎక్కాలంటే ఆ బిళ్ల నీళ్లలో వెయ్యాలి. శాసనమంటూ ఉంటే దొరకూ మాకూ ఒక్కటే ఉండాలి, మనిషి వెనక ఏముందో చూసి కొలవాలి. ఆ మాట రాజు నోట వచ్చేదాకా పన్నెండు రేవులూ బంద్."

"బలవంతంగా ఎక్కితేనో? కత్తి దూస్తేనో?" అన్నాడు లింగయ్య.

"ముందు మనం కొట్టం మావా. ఎంత కోపమొచ్చినా సరే, తొలిదెబ్బ మనది కాదు. కొమరన్నా, నీకే చెబుతున్నాను, వినబడిందా? కానీ కొట్టడానికొచ్చినవాడి ముందు లెక్కలు పెట్టం."

కొమరన్న పళ్లు కొరుకుతూనే తల ఊపాడు.

నాంచారమ్మ సంకటి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "అంతా బాగానే ఉందే పైడీ. ఎల్లుండి పొద్దున్నే ఆరువేల మంది వస్తారన్నాడుగా. అప్పుడేం చేస్తాం?"

పైడి ఇంకో ముద్ద కలిపి మరిది నోటికి అందిస్తూ అంది:

"రాజుగారి పడవలు నడిపేదీ మనవాళ్లేగా. ఆ లంక దాటి దేని మీద వస్తారత్తా?"